కుంటింది కాలు, పుండు వీపు మీద



జనవరి దాటిందంటే మా దుగ్గిరాలలో ఎటు పోయినా పసుపు వాసనే. చేలల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోస్తారు. కొమ్ములు వేరు, కాయ వేరు చేసి బస్తాలకెత్తి యార్డుకు తోలుతారు. ఇప్పుడంటే ట్రాక్టర్లు, లారీలు వచ్చాయి. నా చిన్నతనంలో ఎడ్లబళ్ళే బారులు తీరేవి. మా నాయన ఒక రైతు దగ్గర పాలేరుగా ఉండి ఆ ఇంటి బండి తోలేవాడు. చదువు లేదు. బైబిలు నేను చదివి వినిపిస్తే విని, ఉదయాన్నే కాలవ గట్టున ప్రార్థన చేసుకునేవాడు.

బండి కట్టే ముందు నాయన రెండెద్దుల మెడల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమేవాడు. సాయంత్రం కాడి దించగానే మళ్ళీ తడిమేవాడు. అది ఎడ్లంటే ఉన్న ముద్దు అనుకునేవాణ్ణి. ఆ చెయ్యి ఏం వెతుకుతుందో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా నా మూలాన ఒక మూగజీవి బాధ పడింది. ఆ సంగతే ఇక్కడ సాక్ష్యముగా రాస్తున్నాను. ఇందులో నాకు ఘనత ఏమీ లేదు.

2004లో నా వేదాంత డిప్లొమా ముగిసింది. మరుసటి ఏడు జూన్ నెలలో నన్ను విశాఖ మన్యంలో పరిచర్యకు పంపారు. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్య పట్టణం. 2022 ఏప్రిల్లో ఆ జిల్లా ఏర్పడింది. నేను వెళ్ళిన రోజుల్లో అదంతా విశాఖపట్నం జిల్లా. విశాఖ నుండి 100 కిలోమీటర్లకు పైగా, ఘాట్ రోడ్డు మీద బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. అక్కడి నుండి గూడేలకు కాలిబాటే దిక్కు. కొండ మీద పండిన కాఫీ గింజలు, మిరియాలు, రాజ్మా, పసుపు సంతకు చేరాలంటే మనిషి కావిడి మొయ్యాలి, లేదా పొట్టి గుర్రం మొయ్యాలి. మైదానంలో మనకు ఎద్దు ఎలాగో అక్కడ చాలా ఇళ్ళల్లో గుర్రం అలాగు. రోడ్లు పడిన ఊళ్ళల్లో తగ్గాయి గాని, రోడ్డెక్కని గూడేలకు గుర్రం మీద వెళ్ళే పంతుళ్ళ గురించి మనం ఈ మధ్య కూడా పేపర్లలో చదివాం.

నాకు నాలుగు గూడేలు అప్పగించారు. ఒక విశ్వాసి కుటుంబం వారు వారానికి మూడు రోజులు తమ గుర్రాన్ని ఇస్తామన్నారు. ఎర్రని ఆడగుర్రం. ఆ ఇంటి పిల్లవాడు దానికి చిట్టి అని పేరు పెట్టాడు. వాడికి పదేళ్ళుంటాయి. తక్కిన రోజుల్లో చిట్టి ఆ ఇంటి సరుకు మోసేది. దాని వీపే వారికి సంత, ఉప్పు, నూనె.

వాళ్ళు దాని మీద గోనెపట్టా మడిచి వేసి, సరుకు రెండు వైపులా సమంగా దింపి కట్టేవారు. మనిషి ఎక్కినా ఆ గోనె మీదే. నాకు అది నామోషీగా తోచింది. దైవసేవకుడు జీను మీద కూర్చుంటే మర్యాద అనుకున్నాను. విశాఖ వెళ్ళినప్పుడు సముద్రపు ఒడ్డున గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర పాత జీను బేరమాడి కొన్నాను. చెక్క చట్రం మీద తోలు తొడిగిన జీను. అది పెద్ద గుర్రానికి చేసినది. చిట్టి వీపు సన్నం, మూపు ఎత్తు. పైగా ఆ వానాకాలంలో అది కాస్త చిక్కింది. జీను వదులుగా ఉందని నేను కింద దుప్పటి ఒకటికి రెండు మడతలు వేసి, పొట్ట కింద పట్టీ బలంగా బిగించాను. ఇక సరిపోయిందనుకున్నాను.

అక్టోబరు దాటాక చిట్టి తీరు మారింది. జీను చేతిలో చూడగానే చెవులు వెనక్కి వాల్చేది. పట్టీ బిగిస్తుంటే పొట్ట ఉబ్బించి తల తిప్పి కరవబోయేది. తోక ఊరకే విసురుతూ ఉండేది. ఎక్కుడు బాటలో బాగానే నడిచి, దిగుడు వచ్చేసరికి అడుగులు పొట్టిగా వేసి ముందరి ఎడమ కాలు కుంటేది. దానికి పొగరెక్కిందనుకున్నాను.

నవంబరులో ఒక శనివారం సాయంత్రం. మరునాటి ఆరాధనకు కొండ అవతలి గూడెం చేరాలి. చీకటి పడుతోంది. దిగుడు మొదట్లో చిట్టి ఆగిపోయింది. పక్కకు తిప్పితే పొదల్లోకి పోయింది. నా చేతిలో వెదురు బెత్తం ఉంది. కొట్టాను. రెండడుగులు వేసి బండకు ఒరుసుకుంది, నా మోకాలు గీరుకుపోయింది. మళ్ళీ కొట్టాను. మూడోసారి కొట్టేసరికి అది ముందరి మోకాళ్ళ మీద కూలబడింది. నేను దాని మెడ మీదుగా జారి బాటలో పడ్డాను. తోడు వచ్చిన ఆ పిల్లవాడు పరుగున వచ్చి నన్ను లేపలేదు. గుర్రం ముఖం పట్టుకుని నిలబడ్డాడు. "కొట్టొద్దు అయ్యగారూ, అది దిగలేకపోతోంది" అన్నాడు. నేను బదులు చెప్పలేదు.

మరునాడు అక్కడ వాక్యము చెప్పాను. ఏ వాక్యమో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ఆ పిల్లవాడు అన్న మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు జ్ఞాపకం ఉంది.

కాలికి ఏదో అయిందని చిట్టిని పశువుల డాక్టరు గారి దగ్గరకు నడిపించుకు వెళ్ళాను. ఆయన గిట్ట శుభ్రం చేసి, నొక్కి, కీళ్ళు వంచి చూశారు. రాయి గుచ్చుకోలేదు, వేడి లేదు, వాపు లేదు. కొన్నాళ్ళు విశ్రాంతి ఇమ్మన్నారు. పది రోజులు ఎక్కలేదు. కుంటు పోయింది. ఎక్కిన రెండో రోజుకు మళ్ళీ వచ్చింది. గుర్రాన్ని తీసుకెళ్ళాను గాని, జీను తీసుకెళ్ళలేదు. ఆయనకు నేను చూపించింది సగమే.

2006లో సంక్రాంతి దాటాక మా నాయన నన్ను చూడటానికి కొండకు వచ్చాడు. అప్పటికి ఎడ్లు పోయాయి, బండి పోయింది. ట్రాక్టర్లు వచ్చాక యార్డులో బస్తాలు మోసే పనిలో కుదిరాడు. అరవై దగ్గర పడుతున్నాయి. నేను పాస్టరునయ్యాక నలుగురిలో నన్ను "అయ్యగారూ" అనే పిలిచేవాడు. ఎంత వద్దన్నా వినేవాడు కాదు.

చిట్టి సంగతి చెప్పగానే కాలు చూస్తాడనుకున్నాను. ఆయన కాలు చూడలేదు.

"ఎక్కేటప్పుడు కుంటుద్దా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడు."

"ఒట్టిగా నడిపిస్తే?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేనెప్పుడూ అలా చూడలేదు. పిల్లవాడు పగ్గం పట్టుకుని దిగుడులో ఒట్టి వీపుతో నడిపించాడు. కుంటు లేదు. జీను వేసి మనిషి లేకుండా నడిపించాడు. చెవులు వాల్చింది, అడుగు పొట్టిదయింది. నన్ను ఎక్కమన్నాడు. నాలుగడుగులకే కుంటింది. నన్ను దించి, జీను విప్పి, దుప్పటి తీసి వీపు చూడమన్నాడు. అంతా చెమటతో తడిసి ఉంది. మూపు పక్కన, ముఖ్యంగా ఎడమ వైపు, అరచేయంత మేర పొడిగా ఉంది.

"తెనాలి స్టేషను కాడ జట్కా సాయిబులు జీను విప్పగానే ఇదే చూసేవోళ్ళు. ఒళ్ళంతా తడిసి ఒక్క చోట పొడిగా ఉందంటే అక్కడ ఒత్తుడు పడతందని" అన్నాడు. ఆ తరువాత మూపు నుండి నడుము దాకా, వెన్నుకు అటూ ఇటూ అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమాడు. నా చిన్నప్పుడు ఎడ్ల మెడల మీద చూసిన చెయ్యి అదే. ఎడమ మూపు దగ్గరకు రాగానే చిట్టి ఒళ్ళు జలదరించి కుంగిపోయింది. వెంట్రుకలు విడదీసి చూస్తే చర్మం చితికి, లోపల చీము పట్టి ఉంది. జీను తిరగేసి లోపలి మెత్త తడిమాడు. ఎడమ వైపు దూది ఉండకట్టి రాయిలా ఉంది. జీను వెడల్పు కావడం వల్ల ముందు భాగం కిందికి దిగి మూపు మీదే కూర్చుంటోంది. దిగుడులో నా బరువంతా ముందుకు వచ్చి ఆ పుండు మీదే పడుతోంది. నేను వేసిన దుప్పట్లు, బిగించిన పట్టీ ఆ ఉండను ఇంకా లోపలికి నొక్కాయి.

అప్పుడు మా నాయన నలుగురిలో మొదటిసారి నన్ను అయ్యగారూ అనలేదు.

"ఒరే అబ్బాయ్, ఎద్దు అడుగు తప్పితే ముందు గిట్ట చూడకూడదు. కాడి చూడాలి. గొడ్డు నోరు తెరిచి చెప్పదు, నడకతో చెబుద్ది. నువ్వు దాని నోరు మూయించావు" అన్నాడు.

ఆయనకు తెలిసింది ఎడ్ల సంగతి. దాపటెద్దు, వలపటెద్దు ఎత్తుల్లో తేడా ఉంటే కాడి వాలి ఒక మెడ మీద ఎక్కువ కూర్చుంటుంది. కాడిమానుకు గరుకు తేలినా, వానకు తడిసి ఆరినా మెడ రాసుకుపోతుంది. మొదట వెంట్రుకలు రాలతాయి, తరువాత వాస్తుంది, కాయ కడుతుంది, పగిలి పుండు పడుతుంది. అందుకని ఆయన గాజుపెంకుతో కాడి గీకి నునుపు చేసి ఆముదం పట్టించేవాడు. మెడ వాచిన ఎద్దును కట్టమంటే యజమాని ఇంటి ముందు కూర్చునేవాడు గాని కట్టేవాడు కాదు. రెండుసార్లు కూలి పోగొట్టుకున్నాడని మా అమ్మ చెబుతుంది.

ఆ ఇంటి పెద్దాయన ముందు నిలబడటానికి నాకు ముఖం చెల్లలేదు. కాఫీ పండ్లు కోసి, ఎండబెట్టి, బస్తాలకెత్తే రోజులవి. ఏడాదిలో నాలుగు డబ్బులు చూసే కాలం. గుర్రం పుండు మాని బరువెత్తాలంటే రెండు నెలలు పడుతుందన్నారు డాక్టరు గారు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. "దానికి మన మాట రాదు అయ్యగారూ. మీకు దాని మాట రాదు" అన్నాడు. కోపపడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పుండును ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, డాక్టరు గారి మందు రాశాం. ఈగలు ముసరకుండా చుట్టూ పసుపు, వేపనూనె పూశాడు నాయన. వారం ఉంటానని వచ్చిన మనిషి మూడు వారాలు ఉండిపోయాడు. తెల్లవారుజామున ఎటో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాడు. కొండ చూడబోతున్నాననేవాడు. ఒకనాడు సంతలో ఆయన నాకు ఎదురుపడ్డాడు. భుజం మీద కావిడి. రెండు వైపులా ఆ ఇంటి కాఫీ బస్తాలు. చిట్టి మొయ్యాల్సిన బరువు మా నాయన మోస్తున్నాడు.

ఆ రాత్రి ఆయన చొక్కా విప్పించి, దీపం దగ్గర కూర్చోబెట్టి నూనె రాశాను. కుడి భుజం మీద, మెడ మొదట్లో, నిమ్మకాయంత గట్టి కాయ ఉంది. ఆ కావిడితో వచ్చినది కాదది. ఏళ్ళ తరబడి దుగ్గిరాల యార్డులో మోసిన పసుపు బస్తాలది. నా కాలేజీ ఫీజులు కట్టినది ఆ భుజమే. నా నాయన మెడ మీద నేనెప్పుడూ చెయ్యి పెట్టి చూడలేదు. ఆ రాత్రి నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు.

వెళ్ళే ముందు నాయన ఆ జీను చట్రం తీసేసి, గోనెగుడ్డతో రెండు మెత్తలు కుట్టి, నడుమ వెన్నెముక మీద ఏదీ ఆనకుండా సందు వదిలాడు. "మనిషి కూర్చున్నాక కూడా మూపు మీద రెండు మూడు వేళ్ళు దూరాలి. కడపటి పక్కటెముక దాటి వెనక్కి బరువు పోకూడదు. చిక్కినా బలిసినా మళ్ళీ చూసుకోవాలి. దిగుడులో నువ్వు దిగి నడువు" అన్నాడు. ఆ తరువాత నేనక్కడ ఉన్నంత కాలం దిగుడులో నడిచే వెళ్ళాను. చిట్టి మళ్ళీ కుంటలేదు. వారు పోగొట్టుకున్న కిరాయి నా జీతంలో నుండి నెలనెలా తీర్చాను. తరువాతి వానాకాలానికి పుండు పడిన చోట వెంట్రుకలు మొలిచాయి, తెల్లగా. ఎర్రని ఒంటి మీద తెల్లని మచ్చ. జీను ఒత్తుడుకు లోపలి వేరు చెడితే వెంట్రుక తెల్లగానే వస్తుంది, మళ్ళీ ఎర్రబడదు. క్షమాపణ దొరికింది గాని మచ్చ మిగిలింది.

ప్రియులారా, సంఖ్యాకాండము 22వ అధ్యాయము మనందరికీ తెలుసు. బిలాము గాడిద మూడుసార్లు ఆగింది. పొలంలోకి తప్పుకుంది, గోడకు అతని కాలు నొక్కింది, చివరకు కూలబడింది. ప్రవక్త మూడుసార్లూ కొట్టాడు. ఆ భాగము మీద నేను కాలేజీలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కొండ మీద అదే కథ నాకు జరుగుతుంటే గుర్తుపట్టలేదు. గాడిద చూసినది ప్రవక్త చూడలేకపోయాడు. గాడిద మొండితనము వలన ఆగలేదు. ఆగడానికి కారణం ఉంది.

నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెడతాడని సామెతల గ్రంథము నేర్పుతుంది. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ఇంగ్లండులో గుర్రం మీద ఊరూరా తిరిగి సువార్త ప్రకటించాడు. లక్ష మైళ్ళకు పైగా స్వారీ చేశానని 1770లో తన దినచర్యలో రాసుకున్నాడు. తన బోధకులకు ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి ఇది: గుర్రానికి మాలిష్, మేత, పడక సరిగా అందాయో లేదో ఎవరికో అప్పగించకుండా స్వయంగా కళ్ళతో చూడాలి. మన దేశంలో కూడా 1965 నుండి నిబంధనలున్నాయి. బరువు మోసే పశువును రోజుకు 9 గంటలు మించి, ఏకబిగిన 5 గంటలు మించి వాడకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు కట్టకూడదు. పొట్టి గుర్రం వీపు మీద 70 కిలోలే మోయించాలి. నేను 66 కిలోలు. జీను, బైబిళ్ళ సంచి, బియ్యం మూట లెక్కలో వేసుకోలేదు.

మరొక సంగతి. మత్తయి 11వ అధ్యాయములో ప్రభువు తన కాడిని గూర్చి చెప్పిన చోట మన బైబిలులో సుళువు అని ఉన్న మాటకు గ్రీకులో ఉన్న పదము క్రేస్తోస్. మంచిది, తగినది, హితమైనది అని దానికి అర్థం. యేసు వడ్రంగిగా నాగళ్ళు, కాడ్లు చేసేవాడని రెండవ శతాబ్దపు జస్టిన్ మార్టిర్ రాశాడు. కాడి చేసే వడ్రంగికి మెడ కొలత తెలియాలి. మెడ ఎరిగినవాడు వేసే కాడి రాసుకుపోదు. బరువు లేకుండా చేస్తానని ప్రభువు అనలేదు. ఆయన కాడి మనకు కుదురుతుంది. మా నాయన ఆ గ్రీకు మాట ఎరుగడు. దాని భావము ఆయన అరచేతిలో ఉంది.

నాయన 2014లో ప్రభువు సన్నిధికి చేరాడు. నేను ఇప్పుడు మన ప్రాంతంలోనే సేవ చేస్తున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక సహోదరి ప్రతి ఆదివారము ఆలస్యంగా వచ్చి, వెనక కూర్చుని, వాక్యము చెబుతుంటే నిద్రపోయేది. మందిరములో నిద్రపోయేవారిని గూర్చి నేను రెండు వారాలు వేదిక మీద నుండి గట్టిగా మాట్లాడాను. మూడో వారము ఆమె రాలేదు. బెత్తం ఎత్తిన చెయ్యి నాకు గుర్తొచ్చింది. అమ్మగారిని తోడు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మంచం పట్టిన అత్తగారు, ముగ్గురు పిల్లలు. ఆమె తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పసుపు ఉడకబెట్టే పనికి పోయి, ఎనిమిదింటికి వచ్చి, అందరికీ వండిపెట్టి గుడికి పరుగెత్తుకొస్తోంది. నేను ఆమె కాలు చూశాను గాని మెడ చూడలేదు. ఆమెను క్షమాపణ అడిగాను. సంఘములోని స్త్రీలు వంతులు వేసుకుని ఆదివారము ఉదయం ఆ ముసలమ్మ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ సహోదరి ఇప్పుడు ముందు వరుసలో కూర్చుంటుంది. అప్పుడప్పుడు కునుకు తీస్తుంది. నేనేమీ అనను.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరి నడక మారి ఉండవచ్చు. చదువులో వెనకబడిన కొడుకు, మాటకు ముందే విసుక్కునే భార్య, పనికి పోనని మొండికేసిన తమ్ముడు, పాలేరు, పనిమనిషి, కొట్టంలోని ఎద్దు. బెత్తం ఎత్తక ముందు ఒక్కసారి వారి మీద ఉన్న బరువు దించి, మెల్లగా చెయ్యి పెట్టి చూడండి. ఎక్కడ ఒళ్ళు జలదరిస్తుందో అక్కడ ఆగండి. ఆ బరువు అక్కడ పెట్టింది మీరే కావచ్చు. కొండ మీద పెట్టింది నేనే.

మనము పడుతున్న పాటు ఎరిగిన ప్రభువు మన చేతులకు ఆ స్పర్శను నేర్పును గాక. ఆమేన్.